పంట డబ్బుతో బంగారు నాణేలా? ముందు లెక్క వేసుకోండి

ధాన్యం కాటా వేసి డబ్బు చేతికొచ్చిన వారంలో మన జిల్లా రైతు కుటుంబాలు చేసే పనులు దాదాపు ఒకటే. ఎరువుల కొట్టు బాకీ తీరుస్తారు. కోత మిషను కిరాయి, కౌలు కట్టేస్తారు. పిల్లల ఫీజులు పక్కన పెడతారు. ఆ తర్వాత కూడా ఏమైనా మిగిలితే ఇంటావిడ మాట మీద నెల్లూరు బంగారు కొట్ల వైపు అడుగు పడుతుంది. ఇదివరకు ఆ డబ్బుతో గాజో, గొలుసో చేయించేవారు. ఇప్పుడు మజూరీ, తరుగు దండగ అని చాలామంది బిళ్లలు, అంటే నాణేలు కొంటున్నారు. ఆలోచన మంచిదే. కాని ఏ బిళ్ల, ఎంత బరువుది, ఏ పని కోసం అన్న ఆలోచన లేకుండా ఏడాదికొకటి చొప్పున కొనుక్కుంటూ పోతే పదేళ్లకు పెట్టెలో రకరకాల బిళ్లలు చేరతాయి. అవసరం వచ్చిన నాడు వాటిలో సగం పనికిరాక కూర్చుంటాయి.

2025 ఏప్రిల్లో పది గ్రాముల మేలిమి బంగారం ధర మొదటిసారి లక్ష రూపాయలు తాకింది. అయిదెకరాల రైతు రెండు పంటలు పండించి, అప్పులు పోను మిగుల్చుకునేది ఒక సవర బంగారానికి సరిపోతే గొప్ప. అంత ఖరీదైన సరుకును విత్తనం కొన్నంత జాగ్రత్తగానైనా కొనాలి కదా!

బరువుకు కొంటున్నారా, బొమ్మకు కొంటున్నారా?

నాణెం కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. బంగారు నాణేనికి రెండు విలువలుంటాయి. ఒకటి దానిలో ఉన్న బంగారం విలువ. ఇది తక్కెడ మీద తేలుతుంది, ఏ ఊళ్లోనైనా ఒకటే. రెండోది ఆ నాణెం పాతదనం వల్ల, అరుదుగా దొరకడం వల్ల వచ్చే విలువ. ఇది తక్కెడకు అందదు. తెలిసినవాడు ఇస్తాడు, తెలియనివాడు ఇవ్వడు.

ఈ రెండో విలువ తెలియక ఏం పోగొట్టుకుంటామో చెప్పడానికి మన నెల్లూరు కథే ఉంది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వి చూస్తే శిథిలమైన చిన్న గుడి, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు. అవి క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటి రోము నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ అనే చక్రవర్తుల కాలంలో వేసినవి. మన తీరంతో వర్తకం చేసిన ఓడల మీద వచ్చి పదహారు వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉన్నాయి. ఆ రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలావరకు కొలిమిలో కరిగిపోయాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ కంటపడిన కొన్ని మాత్రం మిగిలాయి. ఆ సంగతి ఆయన రాసిన ఉత్తరం 1790లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది కాబట్టే మనకు తెలిసింది. ఆ రైతును తప్పుపట్టడానికి లేదు. ఆయనకు ఆ రోజు కావలసింది బంగారం ధర, అది వచ్చింది.

అలాగని ప్రతి రైతూ పాత నాణేల సేకరణకు దిగాలని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చెప్పదలచింది వేరే. పంట డబ్బుతో కూడబెట్టేది బరువు కోసమే అయితే కొత్త నాణేలు, ఒకే రకానివి, అదనపు ఖర్చు తక్కువ పడేవి కొనాలి. ఇంట్లో పాతవి ఉంటే వాటిని ఆ లెక్కలో కలపకూడదు. సరదా కొద్దీ పాత నాణేలు పోగు చేయాలనుకుంటే అది వేరే ఖాతా, వేరే డబ్బు. మూడూ ఒకే మూటలో కట్టినవాళ్లే నష్టపోతున్నారు.

నాట్లప్పుడు బ్యాంకుకు వెళ్లేది ఏది?

మన ఇళ్లలో బంగారం చేసే పెద్ద పని పెళ్లిళ్లలో మెరవడం కాదు. నాట్ల ముందు బ్యాంకుకు వెళ్లి కుదువకు కూర్చోవడం, పంట రాగానే ఇంటికి రావడం. ఇంటావిడ గొలుసు ఏడాదిలో ఎన్ని నెలలు మెడలో ఉంటుందో, ఎన్ని నెలలు బ్యాంకు ఇనప్పెట్టెలో ఉంటుందో ఆమెను అడిగితే చెబుతుంది. నాణేలు కొనేవాళ్లు మరచిపోతున్నది ఈ సంగతే.

నగ మీద అప్పు ఇచ్చినంత తేలిగ్గా నాణెం మీద ఇవ్వరు. బ్యాంకులు చాలాకాలం పాటు తాము ముద్రించి అమ్మిన నాణేల మీదే, అదీ మనిషికి 50 గ్రాములు దాటకుండా అప్పు ఇచ్చేవి. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఒక మనిషి కుదువ పెట్టే నగలకు కిలో వరకు పరిమితి ఉంటే, బంగారు నాణేలకు 50 గ్రాములే. బిస్కెట్టు, కడ్డీ రూపంలో ఉన్న బంగారం మీద అసలు అప్పే ఇవ్వకూడదు. ఇక బ్రాంచీకి వెళితే అక్కడి అప్రైజరు బిళ్లను చూసి “నగ ఉంటే తీసుకురండి” అనడం కూడా ఉంది. పాత నాణెం అయితే మరీ అన్యాయం. దానికి ఎంత అరుదైన విలువ ఉన్నా బ్యాంకు చూసేది బరువు, క్యారెట్టు మాత్రమే.

కాబట్టి ముందు మీ లెక్క చూసుకోండి. నాట్లకు, ఎరువులకు ఏటా ఎంత అప్పు కావాలో, దానికి ఎన్ని గ్రాముల నగ కుదువ పెట్టాల్సి వస్తోందో మీకు తెలుసు. అంత బంగారం రాళ్లు, పూసలు లేని సాదా నగల రూపంలో ఇంట్లో ఉందా? లేకపోతే ముందు అది సమకూర్చుకోండి. మజూరీ పోయినా సరే, అది పెట్టుబడికి పనికొచ్చే బంగారం. ఆ మాత్రం ఉన్నవాళ్లు మిగులు డబ్బుతో నాణేలకు పోవచ్చు. నాణేలు కొన్నాక కుదువ పెట్టే ఆలోచన ఏమాత్రం ఉన్నా, కొనకముందే మీ బ్రాంచీలో ఏ నాణెం తీసుకుంటారో అడిగి తెలుసుకోవడం మంచిది.

మన పెద్దవాళ్లు బంగారం అంతా నగల్లోనే ఎందుకు పెట్టారని కొందరు కుర్రవాళ్లు అడుగుతుంటారు. మోజు ఒక్కటే కారణం కాదు. 1963లో వచ్చిన బంగారు నియంత్రణ ఉత్తర్వులు, 1968 నాటి చట్టం బిస్కెట్టు బంగారం ఇంట్లో ఉంచుకోవడాన్ని నేరం చేశాయి. నాణేల మీదా ఆంక్షలుండేవి. ఆ చట్టం 1990లో రద్దయింది. నగ చేయించుకోవడమే అప్పట్లో దారి.

పంటకొక బిళ్ల

కూతురికి ఎనిమిదేళ్లు, పెళ్లి నాటికి పది సవర్లు కూడబెట్టాలి అనుకుందాం. చేతిలో పదేళ్లు ఉన్నాయి. రబీ ఒకటి, ఎడగారు ఒకటి, ఏడాదికి రెండు పంటలు. పంటకొక నాలుగు గ్రాముల బిళ్ల చొప్పున కొంటే పదేళ్లకు ఇరవై బిళ్లలు, 80 గ్రాములు, అంటే పది సవర్లు. ధర ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూసే పని లేదు. ఎక్కువ ధరకు కొన్నవీ, తక్కువ ధరకు కొన్నవీ కలిసి మొత్తం మీద సర్దుకుంటుంది. నీళ్లు రాని ఏడు, తుపాను వచ్చిన ఏడు కొనొద్దు. అప్పు చేసి మాత్రం ఎన్నడూ కొనొద్దు. ఎరువుల కొట్టులో వడ్డీకి బాకీ పెట్టుకుని బంగారం కొనడం కంటే ఆ బాకీ తీర్చడమే లాభం.

బిళ్ల ఎంత బరువుది తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. గ్రాము, అర గ్రాము బిళ్లలు చేతికి అందుబాటు ధరలో ఉంటాయని చాలామంది అవే కొంటారు. కాని నాణెం ఎంత చిన్నదైతే గ్రాముకు పడే ముద్రణ ఖర్చు అంత ఎక్కువ. ఉదాహరణకు బంగారం ధర నూరు రూపాయలనుకుందాం. గ్రాము బిళ్ల మీద కొట్టువాడు పది రూపాయలు అదనంగా వేశాడు. దానిపై 2017 జూలై నుంచి అమల్లో ఉన్న నూటికి మూడు రూపాయల జీఎస్టీ. మీ చేతి నుంచి పోయింది 113 రూపాయల 30 పైసలు. అదే ఎనిమిది గ్రాముల బిళ్ల మీద మూడు రూపాయలే అదనం వేశాడనుకోండి, 106 రూపాయల 9 పైసలు. అమ్మేనాడు నూటికి రెండు కోసుకుంటాడనుకుంటే, మొదటిదాంట్లో బంగారం ధర దాదాపు 16 శాతం పెరిగితే గాని పెట్టిన డబ్బు వెనక్కి రాదు. రెండోదాంట్లో 8 శాతం పైచిలుకు చాలు. కొట్టుకొట్టుకూ ఈ అంకెలు మారతాయి. మీరు అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మారవు. “ఈ రోజు గ్రాము ధర మీద మీరు ఎంత అదనం వేస్తున్నారు? ఇదే బిళ్ల రేపు తెస్తే ఎంతకు తీసుకుంటారు?” ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పని కొట్టు గడప దిగేయండి.

అలాగని అన్నీ పెద్దవే కొనడమూ ఇబ్బందే. ఆసుపత్రి ఖర్చుకు ఇరవై వేలు కావాల్సిన రోజున ఎనిమిది గ్రాముల బిళ్ల మొత్తం అమ్మాలి. సగం విరిచి ఇవ్వలేం కదా. నాలుగు, అయిదు, ఎనిమిది గ్రాములు మన ఇళ్లకు తగిన బరువులు. ఏది మొదలుపెడితే అదే కొనసాగించండి. ఒకే బరువు, ఒకే స్వచ్ఛత అయితే లెక్కా తేలిక, అమ్మకమూ తేలిక.

24కు 22 సరిసమానం కాదు

ఇక్కడ చాలామంది మోసపోతున్నారు కాబట్టి కాస్త నిదానంగా చదవండి. మన వైపు సవర, గుంటూరు, కృష్ణా వైపు కాసు అంటే ఎనిమిది గ్రాములని లెక్క. తెలంగాణలో తులాల్లో చెబుతారు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పటి వాడుకలో పది గ్రాములు. బరువు మాట అలా ఉంచి, ఆ బరువులో మేలిమి ఎంత అన్నదే అసలు సంగతి. 999 అని ముద్ర ఉన్న బిళ్ల 24 క్యారెట్లది. 916 అని ఉంటే 22 క్యారెట్లది, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మాత్రమే బంగారం, తక్కినది రాగి, వెండి వంటివి. రెండూ ఎనిమిది గ్రాములే తూగినా ధర ఒకటి కాదు.

పెళ్లి నాటికి కూడబెట్టిన ఇరవై బిళ్లలూ 999వి అనుకోండి. 80 గ్రాములు పట్టుకెళ్లి 22 క్యారెట్ల నగకు మార్చమంటే, “ఎనభై గ్రాములు ఇచ్చారు, ఎనభై గ్రాముల నగ తీసుకోండి, మజూరీ ఒక్కటే కట్టండి” అని కొట్టులో తియ్యగా చెబుతారు. ఒప్పుకోకండి. 80 గ్రాముల మేలిమితో 22 క్యారెట్ల బంగారం సుమారు 87 గ్రాములు అవుతుంది. ఆ ఏడు గ్రాములూ మీవి. ఒక సవరకు గ్రాము తక్కువ!

కొనేటప్పుడు బిళ్ల మీద స్వచ్ఛత అంకె, బరువు, తయారుచేసినవారి గుర్తు స్పష్టంగా ఉండాలి. 2021 జూన్‌లో నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేయడం మొదలుపెట్టినప్పుడు నాణేలను ఆ నిబంధన నుంచి మినహాయించారు. అందుకని హాల్‌మార్కు లేని బిళ్లలు కొట్లలో ఉంటాయి. తప్పనిసరి కాకపోయినా బీఐఎస్ గుర్తు ఉన్నదే అడిగి తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2015 నవంబరులో ఒకవైపు అశోకచక్రం, మరోవైపు గాంధీగారి బొమ్మతో తెచ్చిన ఇండియన్ గోల్డ్ కాయిన్ అలాంటిదే. 24 క్యారెట్లు, 999 స్వచ్ఛత, హాల్‌మార్కుతో మొదట అయిదు, పది గ్రాముల్లో విడుదల చేశారు. సీలు వేసిన ప్యాకెట్లో వచ్చే బిళ్లను ముచ్చటకని చింపి చూడొద్దు. సీలు పోతే కొనేవాడు మళ్లీ పరీక్ష పెడతాడు, బేరం మొదలుపెడతాడు. ఇదివరకు బ్యాంకుల్లో కొన్న నాణేలు మీ ఇంట్లో ఉంటే వాటి కార్డు, రసీదు కూడా దాచండి. అమ్మిన బ్యాంకులు తిరిగి కొనేవి కావు గనుక ఆ కాగితమే మీకు సాక్ష్యం.

నెలనెలా కడితే ఏడాది చివర బంగారం ఇస్తామనే పదకొండు నెలల స్కీముల గురించి ఒక్కమాట. కొట్టుకు మీరిచ్చేది బయానా, బ్యాంకు డిపాజిట్టు కాదు. కొట్టు మూతపడితే డబ్బు కోసం మీరే తిరగాలి. పైగా రైతుకు ఆదాయం నెలనెలా రాదు. పంట డబ్బు వచ్చినప్పుడు బిళ్ల కొని జేబులో వేసుకుని రావడమే మనకు నప్పే పద్ధతి.

అమ్మమ్మ పెట్టెలో కాసులుంటే

పాత ఇళ్లలో రాణి బొమ్మ, రాజు బొమ్మ ఉన్న కాసులు ఇంకా ఉన్నాయి. కాసులపేరులో గుచ్చినవి కొన్ని, విడిగా పసుపు గుడ్డలో కట్టినవి కొన్ని. ఇవి బ్రిటిషు సవరన్లు. మన ‘సవర’ మాట పుట్టింది వీటి నుంచే. అసలైన సవరను 7.98 గ్రాములు తూగుతుంది. అడ్డం 22 మిల్లీమీటర్లు. 22 క్యారెట్లది కాబట్టి అందులో మేలిమి 7.32 గ్రాములు. ఒకవైపు విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి వంటి పాలకుల తల ఉంటుంది. రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్ను చంపుతున్న వీరుడి బొమ్మ ఎక్కువగా కనిపిస్తుంది.

కరిగించే ముందు ఒక భూతద్దం తెచ్చుకుని గుర్రం కింద, సంవత్సరం అంకెలకు పైన ఉన్న నేలగీతను చూడండి. అక్కడ చిన్న ఇంగ్లీషు అక్షరం ఉండొచ్చు. ఎస్ ఉంటే సిడ్నీ, ఎమ్ ఉంటే మెల్‌బోర్న్, పి ఉంటే పెర్త్ టంకసాల. ఆ మూడూ ఆస్ట్రేలియావి. ఏ అక్షరమూ లేకపోతే లండన్‌ది. ఐ అక్షరం, 1918 సంవత్సరం ఉంటే అది బొంబాయి టంకసాలలో వేసినది. బ్రిటిషు కాలంలో బొంబాయిలో సవరన్లు వేసింది ఆ ఒక్క ఏడాదే. అదే ఏడాది అక్కడే పదిహేను రూపాయల బంగారు నాణెం కూడా వేశారు. అదే బరువు, అదే 22 క్యారెట్లు. ఈ పదిహేను రూపాయల నాణెం మీ పెట్టెలో కనపడితే కంసాలి దగ్గరకు కాదు, నాణేలు తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి.

మామూలు సంవత్సరాల సవరన్లు కోట్ల కొద్దీ వేశారు. వాటికి బంగారం ధర కంటే ఎక్కువ వస్తుందని ఆశపడొద్దు. ఇక కొక్కెం అతికించినవి, చిల్లు పొడిచినవి సేకరణదారులు పట్టించుకోరు. విడిగా ఉన్నవాటికి మాత్రం రెండు జాగ్రత్తలు. చింతపండుతో, కుంకుడు రసంతో, బూడిదతో తోమకండి. మెరుపు వస్తుందిగాని పైపొర గీతలు పడి, నాణేలు కొనేవారి దగ్గర విలువ పడిపోతుంది. అంచు పట్టుకుని తీయండి, ఒకదానితో ఒకటి రాసుకోకుండా విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టండి. కాసులపేరు కోసం కంసాలులు సవరను అచ్చులోనే పోత పోసిన కాసులు కూడా ఈ మూటల్లో ఉంటాయి. బరువు తేడా వచ్చినా, అక్షరాలు మొద్దుబారి ఉన్నా అనుమానించాల్సిందే.

ఈ సరదా పట్టుకున్నవారికి ఒక మాట. కనపడినదల్లా కొంటే సేకరణ కాదు, పోగు అవుతుంది. చిన్న గిరి గీసుకోండి. విక్టోరియా రాణి మూడు వయసుల బొమ్మలు, ఎడ్వర్డు, జార్జి కలిపి అయిదు సవరన్లు ఒక పూర్తి వరుస. లేదా విజయనగర రాజుల వరహాలు. పూర్తి వరహా 3.4 గ్రాముల బరువు. కృష్ణదేవరాయలు బాలకృష్ణుడి బొమ్మతో వేయించినవి పేరున్నవి. నాణెం కంటే ముందు ఆ నాణేల గురించి పుస్తకం కొనండి. చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అసలువి ఎలా ఉంటాయో కళ్లారా చూడండి. నకిలీని పట్టేది అసలును చూసిన కన్నే. ఇవి అమ్మాలనుకున్న రోజున అమ్ముడుపోవు, వేలం వేసే సంస్థలు కమీషను తీసుకుంటాయి. అందుకే పెళ్లి డబ్బు, పెట్టుబడి డబ్బు ఇందులో పెట్టకూడదు. బీడీ, సినిమా మానేసి మిగిల్చిన డబ్బయితే నిక్షేపంగా పెట్టుకోండి.

మట్టిలో దొరికితే

బోరు గుంత తవ్వుతుంటేనో, గట్టు చదును చేస్తుంటేనో నాణేలు దొరకడం కథల్లోనే కాదు, నిజంగానూ జరుగుతుంది. రహస్యంగా కరిగిద్దామనుకుంటే చిక్కుల్లో పడతారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచినవాడికి తన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా ఉంది. తెలిపినవాడికి చట్టం అన్యాయం చేయలేదు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికినవాడికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని ఉంది. కౌలు రైతులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దీనికి తిరగేసిన మోసం ఇంకొకటి ఉంది. “పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికింది, పోలీసుల భయంతో చవగ్గా ఇచ్చేస్తాం” అని కొత్తవాళ్లు వస్తారు. పరీక్షకు ఒకటి రెండు అసలు కాసులు ఇస్తారు. కంసాలి గీటురాయి మీద గీసి మంచిదే అంటాడు. లక్షలు చేతులు మారాక సంచిలో ఉన్నదంతా ఇత్తడి. ఫిర్యాదు చేయాలంటే దొంగ సొత్తు కొనబోయానని చెప్పుకోవాలి. అందుకే చాలామంది నోరు మూసుకుంటారు.

ధర ఎప్పుడూ పైకేనా?

బంగారం పడదనే నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్లో ఔన్సు 850 డాలర్లు పలికింది. ఆ అంకె మళ్లీ దాటడానికి 2008 జనవరి దాకా పట్టింది. 2013 ఏప్రిల్లో రెండంటే రెండు మార్కెట్ రోజుల్లో నూటికి పది రూపాయలకు పైగా పడింది. రూపాయి బలహీనపడటం వల్ల మన దగ్గర ఆ పతనం కొంత కనపడకుండా పోతుంది, అంతే. మూడు నాలుగేళ్లలో కావలసిన డబ్బు బంగారంలో పెట్టకండి. కాలేజీ ఫీజుకైతే బ్యాంకు డిపాజిట్టే నయం.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, బంగారం అమ్మితే వచ్చిన లాభం వ్యవసాయ ఆదాయం కాదు. 2024 జూలైలో మార్చిన నిబంధనల ప్రకారం రెండేళ్లకు పైగా ఉంచి అమ్మితే లాభం మీద 12.5 శాతం. రెండు లక్షలు దాటే కొనుగోలుకు 2016 నుంచి పాన్ నంబరు అడుగుతున్నారు. ఇంటి సోదాల్లో వివాహిత దగ్గర 500 గ్రాములు, పెళ్లికాని ఆడపిల్ల దగ్గర 250 గ్రాములు, మగవాడి దగ్గర 100 గ్రాముల వరకు స్వాధీనం చేసుకోవద్దన్న 1994 నాటి ఆదేశం ఉందిగాని, అది నగలకు చెప్పినది. నాణేలకు ఆ ధీమా పెట్టుకోకండి. ధాన్యం అమ్మిన చీటీ, బిళ్ల కొన్న బిల్లు ఒకేచోట పిన్ను కొట్టి దాచుకుంటే ఎవరడిగినా చూపించవచ్చు.

ఎక్కడ దాచాలన్నది ఎవరికి వారు చూసుకోవాల్సిందే. గాదెలో, బియ్యం డబ్బాలో దాచే రోజులు పోయాయి. దొంగలు మొదట వెతికేది అక్కడే. లాకరు తీసుకుంటే 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన గుర్తుంచుకోండి. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. లాకర్లో దానికి మించి ఉంటే బీమా గురించి అడగండి.

ఒక చిన్న నోటు పుస్తకంలో ఏ పంటకు, ఏ తేదీన, ఎన్ని గ్రాములు, ఎన్ని క్యారెట్లు, ఎంత పెట్టి కొన్నారో రాయండి. ఇంటావిడకూ, పెద్దబిడ్డకూ అది ఎక్కడుందో తెలిసి ఉండాలి. ఆ పుస్తకాన్ని మాత్రం నాణేలతో పాటు లాకర్లో పెట్టేయకండి.